వయసు ఖాతాలో రాసేస్తున్న సత్తువ

డెబ్భై దాటిన మనిషి చిక్కిపోయినా, కుర్చీలోంచి లేవడానికి చేతులు ఆన్చుకోవాల్సి వచ్చినా గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల్లో ఏ ఊళ్లోనైనా వినిపించే మాట ఒకటే: వయసు మీద పడింది. ఇంట్లోవాళ్లూ ఆ మాటే అంటారు, ఊళ్లో వైద్యం చేసే ఆర్‌ఎంపీ కూడా అదే అంటాడు, చివరికి ఆ మనిషీ అదే నమ్ముతాడు. బీపీకీ సుగర్‌కీ మాత్రలు ఇస్తారు, మోకాళ్లకి పూత మందు రాస్తారు, మరీ నీరసమంటే గ్లూకోజు సీసా ఎక్కిస్తారు. పళ్లెంలో ఏం పెడుతున్నారని అడిగేవాళ్లు మాత్రం అరుదు. లేచి నిలబడేటప్పుడు ఆ మనిషిని గమనించి చూసేవాళ్లు ఇంకా అరుదు. వయసుతో కండ కొంత తగ్గుతుందన్నది నిజమే, దాన్ని ఎవరూ ఆపలేరు. కానీ ఈ పత్తి, మిరప నేలల్లో ఇళ్లలోనే బతుకుతున్న పెద్దవాళ్లు పోగొట్టుకుంటున్న సత్తువలో వయసు వాటా మనం అనుకుంటున్నంత పెద్దది కాదు. మాంసకృత్తులు చాలని భోజనం, కండకు బరువే తగలని దినచర్య, జబ్బు చేసి మంచానపడ్డ రోజులు, ఈ మూడూ కలిసి తీసుకుపోతున్న వాటా పెద్దది. ఈ మూడింటినీ ఇంట్లోనే సరిచేసుకోవచ్చని ముప్పై అయిదేళ్ల పరిశోధన చెబుతోంది. ఆ పరిశోధనను మన పళ్లెం ముందు పెట్టుకుని చదవడమే ఇప్పుడు చేయాల్సిన పని.

వయసుతో వచ్చే కండక్షయానికి సార్కోపీనియా అని పేరు పెట్టింది అమెరికా పోషకాహార శాస్త్రవేత్త అర్విన్ రోజెన్‌బర్గ్, 1989లో. మొదట్లో అందరూ కండ పరిమాణాన్నే కొలిచేవారు. పోగా పోగా తేలిందేమిటంటే, కండ తగ్గే వేగం కన్నా దాని బలం తగ్గే వేగం చాలా ఎక్కువ. మనిషి మంచానపడతాడా, తన పనులు తాను చేసుకుంటాడా అన్నది తేల్చేది కూడా బలమే. అందుకే 2010లో ఐరోపా నిపుణుల బృందం ఇచ్చిన నిర్వచనాన్ని అదే బృందం 2018లో సవరించి బలానికి మొదటి స్థానం ఇచ్చింది. 2016లో అంతర్జాతీయ వ్యాధుల జాబితా అమెరికా రూపంలో దీనికి ఒక కోడ్ కూడా వచ్చింది. ఆసియా దేశాల బృందం 2019లో మన ఒడ్డూ పొడుగులకు తగిన హద్దులు పెట్టింది: పిడికిలి పట్టు మగవాళ్లలో 28 కిలోలకు, ఆడవాళ్లలో 18 కిలోలకు తగ్గితే అనుమానించాలి. చేతులు ఆన్చకుండా కుర్చీలోంచి అయిదుసార్లు లేచి కూర్చోవడానికి 12 సెకన్లు లేదా అంతకన్నా ఎక్కువ పట్టినా అనుమానించాలి. పిడికిలి పట్టు చిన్న విషయమేమీ కాదు. మన దేశం సహా 17 దేశాల్లో దాదాపు లక్షా నలభై వేలమందిని పరిశీలించి 2015లో ప్రచురించిన ప్యూర్ అధ్యయనంలో, పట్టు అయిదు కిలోలు తగ్గిన కొద్దీ మరణం ముప్పు 16 శాతం చొప్పున పెరిగింది. జపాన్‌లో కషివా పట్టణపు వృద్ధులను పరిశీలించినవారు ఇంకా సులువైన పద్ధతి చూపారు. రెండు చేతుల బొటనవేళ్లూ చూపుడువేళ్లూ కలిపి పిక్క చుట్టూ చుట్టాలి. వేళ్ల మధ్య పిక్క వదులుగా ఉంటే కండ తగ్గిందని లెక్క. దీనికి ఆస్పత్రి అక్కర్లేదు, అరుగు మీద కూర్చుని చూసుకోవచ్చు.

ఇవాళ డెబ్భై ఏళ్లున్నవాళ్లు పుట్టింది 1950లలో. ఈ నేల మీద వాళ్ల కడుపులోకి వెళ్లిన తిండి కథ వాళ్ల కండలో ఉంది. నాగార్జునసాగర్ నీళ్లు 1967లో వదిలేదాకా పల్నాటి మెట్టల్లో, పశ్చిమ ప్రకాశంలో జొన్నన్నం, సజ్జ సంకటి, వరిగన్నమే రోజువారీ తిండి. కాలువ కింద వరి వచ్చింది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక బీదవాళ్ల ఇంట్లోనూ మూడుపూటలా తెల్లన్నం సాధ్యమైంది. ఆకలి తీరిందన్న మాట నిజం, దాన్ని తక్కువ చేసి చూడకూడదు. అయితే అదే కాలంలో మెట్ట పొలాల్లో ఒకప్పుడు కలిపి వేసిన కంది, పెసర, అలసంద సాళ్లను పత్తీ మిరపా పక్కకు నెట్టాయి. ఇంటి గాదెలోంచి వచ్చే పప్పు కొట్లో కొనే పప్పయింది, కొనేది గనక పలచబడింది. పాడి ఉన్న ఇంట్లో పాలు కేంద్రానికి పోస్తారు, ముసలివాళ్ల గ్లాసులోకి వచ్చేది నీళ్ల మజ్జిగ. ప్రకాశం జిల్లా రాష్ట్రంలో శనగలు బాగా పండే చోటు. అక్కడి కోల్డ్ స్టోరేజీల్లో శనగ బస్తాలు ధర కోసం నెలల తరబడి ఎదురుచూస్తాయి. అదే ఊళ్లో పెద్దావిడ పళ్లెంలోకి గుప్పెడు శనగలు రావు. మనం గొప్పగా చెప్పుకునే ఉలవచారు సంగతి కూడా ఇలాంటిదే. ఉలవల్లోని మాంసకృత్తులు ఎక్కువభాగం గుగ్గిళ్లలోనే మిగులుతాయి. ఆ గుగ్గిళ్లు ఆనవాయితీగా గొడ్లకు పెట్టి, ఉడికించిన నీళ్లు మనం తాగుతాం. కొన్ని గుగ్గిళ్లు రుబ్బి చారులో కలిపితే అదే వంటకం బలమైన తిండి అవుతుంది.

పళ్లెం లెక్క ఒకసారి వేసి చూడాలి. నలభై ఎనిమిది కిలోల బరువున్న ఒక పెద్దావిడ పొద్దున కాఫీ, రెండు ఇడ్లీలు తింటుంది. మధ్యాహ్నం వంద గ్రాముల బియ్యం అన్నం, పలచటి పప్పు, పచ్చడి, మజ్జిగ. రాత్రి అంతకన్నా తక్కువ అన్నం, పులుసు, మళ్లీ మజ్జిగ. ఈ తిండి చూడటానికి లోటుగా కనిపించదు, కడుపు నిండుతుంది. మాంసకృత్తులు లెక్కేస్తే ఇరవై ఏడు, ముప్పై గ్రాముల దగ్గర ఆగిపోతుంది, అందులోనూ సగం బియ్యం నుంచి వచ్చినదే. పెద్దలకు కిలో శరీర బరువుకు 0.83 గ్రాములు కావాలని ఐసీఎంఆర్, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో నిర్ణయించాయి. అది మేలురకం మాంసకృత్తులు తినేవారి లెక్క, ధాన్యం మీదే ఆధారపడితే ఇంకా ఎక్కువ కావాలి. వయసు మీరిన కండ తిన్నదాన్ని కండగా మార్చుకోవడంలో మందగిస్తుంది కాబట్టి అరవై అయిదు దాటినవారికి కిలోకు 1 నుంచి 1.2 గ్రాములు ఉండాలని 2013లో ప్రాట్-ఏజ్ అనే అంతర్జాతీయ నిపుణుల బృందం చెప్పింది. అంటే ఈ పెద్దావిడకు రోజుకు 48 నుంచి 58 గ్రాములు కావాలి. అందులో సగమే అందుతోంది. ఈ లోటు పూడ్చడానికి డబ్బాల్లో అమ్మే ఖరీదైన పొడులు అక్కర్లేదు. ఒక గుడ్డుతో ఆరు గ్రాములు, గ్లాసు గేదె పాలతో ఏడు, అన్నంలో కలుపుకునే రెండు చెంచాల పుట్నాల పొడితోనో వేరుశనగ పొడితోనో అయిదారు, పప్పు కాస్త గట్టిగా వండితే మరో నాలుగు వస్తాయి. మొత్తం యాభైకి చేరుతుంది. గుడ్డు తినని ఇంట్లో ఆ చోటుకి పెసరట్టూ, పెరుగూ వస్తాయి. కందిపొడిని ఊరి పేరుతో పిలిపించుకున్న గుంటూరులో ఇది కొత్తగా నేర్పాల్సిన వంట కాదు.

తిండి పెంచితే చాలా? చాలదు. దీనికి బలమైన సాక్ష్యం బోస్టన్ నుంచి వచ్చింది. మారియా ఫియాటరోన్ 1990లో సగటున తొంభై ఏళ్లున్న పదిమందితో ఎనిమిది వారాలు కాళ్ల కండకు బరువు పెట్టించి వ్యాయామం చేయించారు. చివరిదాకా చేసినవారి బలం సగటున 174 శాతం పెరిగింది. తొంభై ఏళ్ల కండ కూడా నేర్చుకుంటుందని ఆ చిన్న ప్రయోగం లోకానికి చూపించింది. 1994లో అదే బృందం సగటున 87 ఏళ్లున్న వందమందిని నాలుగు గుంపులుగా విడదీసింది: ఒక గుంపుకు వ్యాయామం, ఒకదానికి పోషకాహార పానీయం, ఒకదానికి రెండూ, ఒకదానికి రెండూ లేవు. పది వారాల్లో వ్యాయామం చేసినవారి బలం 113 శాతం పెరిగింది, నడక వేగం పెరిగింది. పానీయం ఒక్కటే తాగినవారికి ఏమీ పెరగలేదు. ఇంకా ముఖ్యమైన సంగతి, మొత్తం తిండి నిజంగా పెరిగింది వ్యాయామమూ పానీయమూ రెండూ అందినవారిలో మాత్రమే. కదలని ఒంటికి తిండి పెడితే ఆ మేరకు అన్నం మానేస్తుంది. కండను పనిలో పెడితే తిండి అడుగుతుంది. ఇంట్లో ఎంత బతిమాలినా తినని పెద్దవాళ్ల విషయంలో ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకున్నా ఎంతో మేలు.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం వస్తుంది. జీవితమంతా పొలంలో చాకిరీ చేసినవాళ్లకు వ్యాయామం ఏమిటి? మిరపకాయలు కోసి, పత్తి ఏరి, గడ్డి మోపులు మోసిన ఒళ్లకు కుర్చీలోంచి లేచి కూర్చోమని చెప్పడం ఏ మాత్రం మర్యాద? ఈ ప్రశ్న వెనకున్న గౌరవాన్ని మన్నించాల్సిందే, కానీ శరీరం పాత జీతం మీద బతకదు. మోయడం మానిన ఏడాదిలోనే కండ తగ్గడం మొదలుపెడుతుంది. పైగా కాయ కోతలో, పత్తి తీతలో ఉండేది గంటల తరబడి వంగి ఉండటం, చేతివేళ్ల చురుకు, ఎండకు ఓర్చుకోవడం. తొడలకూ తుంటికీ పెద్ద బరువు తగిలే పని అది కాదు. దాని ఫలితంగా చాలామందికి మిగిలేది నడుం నొప్పి, అరిగిన మోకాలు. ఆ నొప్పి మనిషిని మరింత కూర్చోబెడుతుంది. రోజూ పొద్దున్నే నడుస్తున్నాం కదా అనేవారికీ జవాబు ఉంది. నడక గుండెకు మంచిది, సుగర్‌కు మంచిది, కానీ అది ఒక్కటే తొడ కండను పెంచదు. అమెరికాలో 70 నుంచి 89 ఏళ్ల వయసున్న 1,635 మందితో జరిగి 2014లో వెలువడిన లైఫ్ అధ్యయనంలో నడకతో పాటు కాళ్ల బలానికి వ్యాయామం చేయించారు. నడవలేని స్థితికి చేరినవారు ఆరోగ్య పాఠాలు మాత్రమే విన్న గుంపులో 35.5 శాతమైతే ఈ గుంపులో 30.1 శాతం. ఐరోపాలో పదకొండు దేశాల్లో 1,519 మందితో జరిగి 2022లో వెలువడిన స్ప్రింట్ ప్రయోగం వ్యాయామానికి తిండి సలహాను కలిపింది. అక్కడ ఎక్కువ బలహీనంగా ఉన్నవారిలో ఆ అంకె మామూలు గుంపులో 52.7 శాతమైతే వ్యాయామ గుంపులో 46.8 శాతం. వందమందిలో అయిదారుగురు. వినడానికి చిన్న అంకె, కానీ మన ఊళ్లో అయితే తమ పనులు తాము చేసుకోగలిగే ఆ అయిదారుగురి ఇళ్లలో ఒక కోడలో కూతురో కూలి మానుకోకుండా ఉండగలుగుతుంది. ఇంట్లో దీనికి కావాల్సింది గట్టి కుర్చీ ఒకటి. వారానికి మూడు రోజులు చేతులు ఆన్చకుండా పదిసార్లు లేచి కూర్చోవడం, గోడ పట్టుకుని మడమలు ఎత్తడం, గోడను రెండు చేతులతో నెట్టడం. అలవాటయ్యాక చేతిసంచిలో కిలో ఉప్పు ప్యాకెట్టు పెట్టుకుని లేవడం. బరువు మెల్లగా పెరుగుతూ పోవాలి, అసలు కిటుకు అందులోనే ఉంది.

శాస్త్రం తెలిసినవారి అభ్యంతరం మరోటి ఉంది. మాంసకృత్తులు పెంచితే ఫలితం లేదని తేల్చిన ప్రయోగాలూ ఉన్నాయి కదా? ఉన్నాయి, వాటిని దాచకూడదు. 2018లో శాలిందర్ భాసిన్ బృందం 92 మంది వృద్ధ పురుషులకు ఆరు నెలలు పాళ్లు కొలిచి భోజనం పెట్టింది. కిలోకు 0.8 గ్రాములు తిన్నవారికన్నా 1.3 గ్రాములు తిన్నవారిలో కండ ఎక్కువేమీ పెరగలేదు. ఈ ఫలితాన్ని మన ఊళ్లకు తెచ్చేముందు రెండు సంగతులు చూడాలి. తక్కువ తిన్న గుంపుకు కూడా కావాల్సినన్ని కేలరీలతో 0.8 గ్రాములు పూర్తిగా అందాయి. మన పెద్దావిడ పళ్లెంలో ఉన్నది 0.6 దగ్గరే, అందులోనూ సగం బియ్యానిది. అందుతున్నవాళ్లకు ఇంకా ఇస్తే లాభం లేదన్న ఫలితం, అందనివాళ్లకు అందించనక్కర్లేదన్న వాదనకు ఆసరా కాలేదు. లోటున్న చోట తిండి ఏం చేస్తుందో మన దేశంలోనే ఒక పెద్ద ప్రయోగం చూపింది. జార్ఖండ్‌లో 2019 నుంచి జరిగి 2023లో లాన్సెట్ ప్రచురించిన రేషన్స్ అధ్యయనంలో క్షయ రోగులకూ వారి ఇంట్లోవాళ్లకూ నెలనెలా బియ్యం, పప్పు అందించారు, రోగులకు పాలపొడీ నూనే కూడా కలిపారు. ఇంట్లోవాళ్లకు క్షయ సోకడం 39 శాతం తగ్గింది. మొదటి నెలల్లో బరువు పెరిగిన రోగుల్లో మరణాలు తగ్గాయి. అది కండ గురించిన ప్రయోగం కాదు, వృద్ధుల కోసం చేసిందీ కాదు. కానీ సామాన్యమైన దినుసుల సంచీని ఇంటికి చేర్చడం కూడా వైద్యమేనని అది రుజువు చేసింది.

కిడ్నీల భయం సంగతి జాగ్రత్తగా మాట్లాడాలి, ఎందుకంటే అది ఉత్త భయం కాదు. సుగర్, బీపీ ఏళ్ల తరబడి ఉన్నవారిలో కిడ్నీ దెబ్బతినడం మామూలే, నొప్పి మాత్రలు గుప్పెళ్లకొద్దీ మింగే అలవాటు దాన్ని ఇంకా పెంచుతుంది. అలాంటివారు రక్తంలో క్రియాటినిన్ చూపించుకుని డాక్టరుని అడిగాకే మాంసకృత్తులు పెంచాలి. అయితే కిడ్నీ జబ్బు ఉందనగానే పప్పూ గుడ్డూ పాలూ అన్నీ మాన్పించేసి పెద్దవాళ్లను ఎండగట్టడం కూడా వైద్యం కాదు. అంతర్జాతీయ కిడ్నీ సంస్థ కేడిగో 2024లో ఇచ్చిన మార్గదర్శకాలు డయాలసిస్ లేని రోగులకు కిలోకు 0.8 గ్రాములు చెబుతూనే, కండ కరిగి బలహీనపడ్డ వృద్ధులకు అంతకన్నా ఎక్కువ ఆలోచించమన్నాయి. కిడ్నీ బాగున్నవారిలో రోజుకు యాభై గ్రాముల మాంసకృత్తులు కిడ్నీని పాడుచేస్తాయన్నదానికి ఆధారం లేదు. పశ్చిమ ప్రకాశానిది ఇంకో బాధ. కనిగిరి, పొదిలి, దర్శి నెల్లూరు జిల్లాలో ఉన్నప్పుడే, 1937లో, మన దేశంలో ఫ్లోరోసిస్‌ను వైద్యపత్రికల్లో మొదటిసారి వర్ణించింది ఆ జిల్లా నుంచే. ఫ్లోరైడ్ నీటితో వెన్నూ కీళ్లూ బిగుసుకుపోయినవారికి కుర్చీ వ్యాయామం అందరికీ చెప్పినట్టు చెప్పకూడదు. ఎంతవరకు వంగగలరో చూసి, కూర్చునే కాళ్లు చాపి ఎత్తడంతో మొదలుపెట్టించాలి. వీరికి మంచి నీళ్లు అందించడం వీరి సత్తువను కాపాడే పనిలో భాగమే.

తిండి ఎంత అని లెక్కేసేవాళ్లు ఎవరితో కలిసి తింటున్నారన్నది మరిచిపోతుంటారు. ఈ జిల్లాల్లో పిల్లలు హైదరాబాదులో, బెంగళూరులో, అమెరికాలో ఉండి పెద్దవాళ్లు మాత్రం ఊళ్లో మిగిలిన ఇళ్లు చాలా ఉన్నాయి. డబ్బుకు లోటు లేని ఇంట్లోనూ ఒక్క మనిషికి ఏం వండుకుంటాంలే అని పచ్చడి మెతుకులతో రోజు గడిపేసే అమ్మలున్నారు. పళ్లు ఊడాక వేరుశనగలూ మాంసమూ ముందు మానేస్తారు, మెత్తటి అన్నమూ మజ్జిగా మిగులుతాయి. కట్టుడు పళ్ల ఖర్చు కండ ఖర్చుతో ముడిపడి ఉందని ఎవరూ అనుకోరు. భర్త పోయాక తిండిలో ఒక్కొక్కటీ వదిలేసే స్త్రీలున్నారు. పెద్ద వయసులో తేలిగ్గా తినాలన్న మాటను అందరూ నమ్ముతారు, అది రాత్రిపూట భోజనాన్ని ఉప్మాకో రెండు ఇడ్లీలకో కుదించింది. నా అభిప్రాయంలో ఈ మాటే ఇళ్లలో ఎక్కువ నష్టం చేస్తోంది. తేలిగ్గా అరగడానికి మాంసకృత్తులు తగ్గించనక్కర్లేదు. మెత్తగా ఉడికిన పప్పు, పెరుగు, గిలకొట్టిన గుడ్డు, పాలతో కాచిన రాగిజావ, అన్నీ తేలికగా అరిగేవే.

మంచానపడ్డ రోజుల నష్టం ఎంత వేగంగా జరుగుతుందో అమెరికాలో ఆరోగ్యంగా ఉన్న వృద్ధులతో చేసిన ఒక ప్రయోగం 2007లో చూపింది. పది రోజులు మంచంమీదే ఉంచితే ఒక్క కాళ్ల నుంచే దాదాపు కిలో కండ పోయింది. వాళ్లకు జబ్బు లేదు, తిండీ పెట్టారు. జ్వరంతో, అరకొర తిండితో మంచానపడితే నష్టం ఇంకెంతో ఊహించుకోవచ్చు. 2006లో చికున్‌గన్యా రాష్ట్రమంతా చుట్టేసినప్పుడు నెలల తరబడి కీళ్ల నొప్పులతో కదలలేకపోయిన పెద్దవాళ్లు ఎందరో. జ్వరంలో కదలకూడదు, పథ్యం చేయాలి, జావ మీదే ఉండాలన్న పాత సలహా పడుచువాళ్లకు పెద్ద హాని చేయదు. డెబ్భై దాటినవారికి మాత్రం ఒక్క జబ్బుతో నాలుగైదేళ్ల కండను తీసుకుపోతుంది. జ్వరం తగ్గిన రోజు నుంచే మంచం దిగి కూర్చోవాలి, గుడ్డో పెరుగో పళ్లెంలోకి రావాలి.

ఇదంతా ఎవరు చూస్తారు, ఎవరు చెబుతారు అన్నది చివరి అభ్యంతరం. ఈ రాష్ట్రంలో దీనికి కావాల్సిన దారి ఇప్పటికే ఉంది. 2024 జులై నుంచి వృద్ధాప్య పింఛను నెలకు 4,000 రూపాయలైంది. ఒకటో తారీఖున సచివాలయ సిబ్బంది ఇంటికే తెచ్చి చేతికిస్తున్నారు. వృద్ధులున్న ఇంటి గడపను నెలనెలా తొక్కే ప్రభుత్వ మనుషులు ఇలా ఇంకెక్కడ ఉన్నారు? ఆర్నెల్లకోసారి ఆ రోజునే కుర్చీ వేసి అయిదుసార్లు లేపి సెకన్లు రాసుకోవడానికి అయిదు నిమిషాలు చాలు. 12 సెకన్లు, అంతకన్నా ఎక్కువ పట్టినవారి పేర్లు గ్రామ ఆరోగ్య కేంద్రంలోని మధ్యస్థాయి ఆరోగ్య కార్యకర్తకు, అంటే ఎంఎల్‌హెచ్‌పీకి చేరాలి. 2023 ఏప్రిల్‌లో చిలకలూరిపేట దగ్గర లింగంగుంట్లలో మొదలైన ఫ్యామిలీ డాక్టర్ పద్ధతిలో మంచానపడ్డవారి ఇంటికి డాక్టర్లు వెళ్లాలన్న నియమం పెట్టారు. మంచానపడకముందే వెళ్లడం దానికన్నా చవక. అంగన్‌వాడీలు గర్భిణులకూ బాలింతలకూ గుడ్లూ పాలూ ఇస్తున్నాయి. ఒంటరిగా బతికే, బరువు తగ్గుతున్న వృద్ధులకు అదే దారిలో గుడ్లూ, శనగలూ ఇవ్వడానికి కొత్త శాఖ పెట్టనక్కర్లేదు. శనగలు ఒంగోలు చుట్టుపక్కలే పండుతాయి. రోజుకొక గుడ్డు ఖర్చు నెలకు రెండొందల రూపాయల చుట్టుపక్కల ఉంటుంది, అది పింఛనులో ఇరవయ్యో వంతు. పింఛను మందులకూ మనవల ఫీజులకూ పోయే ఇళ్లలో ఆ రెండొందలు కూడా మిగలవు. అందుకే ఇది డబ్బుగా కాక దినుసుగా చేరాలి. గుంటూరు జీజీహెచ్ నుంచి కానీ ఒంగోలు రిమ్స్ నుంచి కానీ వృద్ధులను ఇంటికి పంపేటప్పుడు ఇచ్చే కాగితంలో మాత్రల పేర్ల కింద మరో రెండు వరుసలుండాలి: రోజుకు ఎన్ని గ్రాముల మాంసకృత్తులు, ఏ వ్యాయామం ఎన్నిసార్లు. రెండో వారంలో ఎంఎల్‌హెచ్‌పీ ఇంటికి వెళ్లి, ఆ కాగితం అడిగి, కుర్చీ వేయించి, ఆ రోజు ఎన్ని సెకన్లు పట్టిందో దాని మీదే రాయాలి.